గాజు తొట్టెలో పేరు తెలియని పువ్వు

పేరు తేలేదాకా బ్లేడు పెట్టవద్దు, రాయి మరిగించవద్దు

భీమునిపట్నం: నాటకుండా మొలుస్తుంది. పువ్వులా విచ్చుకుంటుంది గాని మొక్క కాదు. వేలు తగిలితే చటుక్కున ముడుచుకుంటుంది. రొయ్య ముక్క అందిస్తే మీసాలతో చుట్టి నోట్లోకి లాక్కుంటుంది. ఇంట్లో ఉప్పునీటి చేపల తొట్టె పెట్టుకున్నవారికి ఏదో ఒకనాడు ఈ పిలవని అతిథి దర్శనమిస్తుంది. ఇంగ్లీషులో దీన్ని సీ ఎనిమోన్ అంటారు. తెలుగులో సముద్ర పుష్పం అనడమూ కద్దు. పువ్వు పేరు పెట్టారే గాని ఇది అచ్చమైన జంతువు. జెల్లి చేప, పగడం, ఇదీ ఒకే వర్గానికి చెందినవి.

సముద్ర పుష్పాల్లో వెయ్యికి పైగా రకాలున్నాయి. ఇవి చాలవన్నట్లు సముద్ర పుష్పంలా కనిపిస్తూ అది కాని జీవులు మరికొన్ని. వీటిలో కొన్నింటిని ముచ్చటపడి డబ్బు పోసి కొనుక్కుంటారు. కొన్ని కలుపు మొక్కల్లా తొట్టెనంతా ఆక్రమిస్తాయి. పోలిక ఉన్న మరో జీవి ఏకంగా మనుషులనే ఆస్పత్రి పాలు చేయగలదు. చిన్నతనంలో అన్నీ చూడటానికి ఇంచుమించు ఒక్కలాగే ఉంటాయి. కనుక తొట్టెలో కొత్త పువ్వు కనిపిస్తే ముందు దాని పేరు తేల్చుకోవాలి. పెంచాలా, తీసేయాలా అన్నది ఆ తర్వాతి మాట.

కొన్న రాయి మీద కొసరు

భీమిలి మండలంలో ఉపాధ్యాయుడుగా పనిచేసి రిటైరైన ఒకాయన ఇంట్లో మూడడుగుల ఉప్పునీటి తొట్టె ఉంది. నారింజ రంగు మీద తెల్ల చారలుండే క్లౌన్ చేపల జంట, అడుగున ఇసుక, మధ్యలో నాలుగు రాళ్లు. ఆ రాళ్లలో ఒకటి విశాఖలో ఒక దుకాణంలో కొన్నది. ఉప్పునీటి తొట్టెలు పెంచేవారు ఇలాంటి రాయిని లైవ్ రాక్ అంటారు. రాయి బొరియల్లో కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఉండి నీటిలోని మలినాన్ని విరగ్గొడతాయి. ఆ బొరియల్లోనే మరికొన్ని జీవులూ దాగి వస్తాయి. మన సంతలో బెండకాయలకు కొసరు వేసినట్లు, అడగకుండా వచ్చేవి ఇవి.

రాయి తెచ్చిన రెండు నెలలకు దాని పక్కన గోధుమ రంగులో, గాజులా పలుచగా ఒక పువ్వు కనిపించింది. సైజు చిటికెన వేలి గోరంత. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. ఫోన్లో ఫొటో తీసి చూపిస్తే దుకాణదారు, మాస్టారూ మీ అదృష్టం పండింది, ఇది బబుల్ టిప్ పిల్ల, పెద్దదైతే చేపలు ఇందులోనే కాపురం పెడతాయి అన్నాడట. మాస్టారు రోజూ రొయ్య ముక్క పెట్టి పెంచారు. నెల తిరిగేసరికి ఒకటి పదకొండయింది. చేపలు మాత్రం వాటి ఛాయలకే పోలేదు.

నగరంలో తొట్టె పెంచే మిత్రుడొకరు వచ్చి చూసి, ఇది కలుపు జాతి, గీకి పారెయ్యమన్నారు. మాస్టారు బ్లేడుతో ఒకదాన్ని గీకారు. వారం పది రోజులు గడిచేసరికి గీకిన చోటు చుట్టూ అయిదు చిన్న మొలకలు లేచాయి. దాంతో విసిగి, రాయిని బయటికి తీసి గుండిగలో వేసి మరిగించి పీడ వదిలించుకుందామనుకున్నారు. పొయ్యి మీద నీళ్లు కూడా పెట్టారు.

అప్పుడు అడ్డుపడింది డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతున్న కూతురు. రాయి తిరగేస్తే అడుగు భాగంలో చొక్కా గుండీల్లాంటివి ఓ ముప్ఫై దాకా ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. అంతవరకూ వాటిని ఎవరూ గమనించలేదు. ఇవేమిటో తెలియకుండా మరిగించవద్దు నాన్నా అని రాయిని తిరిగి నీళ్లలో పెట్టించింది. ఆపైన పది రోజులపాటు భూతద్దం, టార్చిలైటు, నోటుపుస్తకం పట్టుకుని తొట్టె ముందు కూర్చుంది. ఆ అమ్మాయి చేసిన పని పెద్ద పరిశోధన కాదు. కానీ తొట్టె ఉన్న ప్రతి ఇంట్లో చేయగలిగిన పని.

రంగు చూసి మోసపోవద్దు

పువ్వును చూడగానే ముందు కంటికి ఆనేది రంగు. గుర్తుపట్టడానికి అన్నిటికన్నా తక్కువ పనికొచ్చేదీ రంగే. చాలా సముద్ర పుష్పాల ఒంట్లో కంటికి కనిపించనంత చిన్న నాచు కణాలు కాపురముంటాయి. అవి వెలుతురు తిని చక్కెర తయారు చేసి ఇంటి యజమానికి అద్దెగా చెల్లిస్తాయి. గోధుమ రంగు చాలావరకు ఆ నాచుదే. దీపం మారితే, నీరు వేడెక్కితే నాచు తగ్గి అదే పువ్వు తెల్లగా పాలిపోతుంది. పాలిపోయిన వాటికి పసుపు, గులాబి రంగులద్ది అమ్మే వ్యాపారం కూడా ప్రపంచంలో ఉంది. కొసనుంచి మొదలుదాకా నిమ్మపండు రంగులో మెరుస్తున్నదంటే అనుమానించవలసిందే.

రంగు పక్కన పెట్టి అడుగు చూడాలి. అసలైన సముద్ర పుష్పానికి కింద గుండ్రటి పాదం, దానిపై కండగల కాండం, పైన పళ్లెం, పళ్లెం మధ్యలో నోరు, చుట్టూ స్పర్శకాలు అనే మీసాలు ఉంటాయి. నోరు ఒక్కటే, తిన్నదీ విసర్జించేదీ దాని గుండానే. పాదం ఎవరిది వారిదే. నచ్చకపోతే ఆ పాదంతోనే మెల్లగా పాకి వేరే చోటికి పోతుంది. రాత్రి ఒక చోట, పొద్దున్న మరో చోట కనిపించడం దీని లక్షణం.

రాత్రి దీపాలన్నీ ఆర్పి టార్చి వేసి చూస్తే పగలు ముడుచుకున్నవి కూడా విచ్చుకుని దొరుకుతాయి. మీసాలు సరిగ్గా ఎనిమిదే ఉండి, ఒక్కొక్కటి పక్షి ఈకలా రెండు పక్కలా చీలి ఉంటే అది సముద్ర పుష్పం కాదు, మెత్తని పగడాల జాతి. సముద్ర పుష్పానికి మీసాలు ఎక్కువగా ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు ఇలా ఆరు లెక్కన పెరుగుతాయి. గొట్టంలోంచి విసనకర్రలా బయటికి వచ్చి, నీడ పడగానే గొట్టంలోకి మాయమైతే అది ఒక రకం పురుగు. పాపం దానివల్ల ఏ హానీ లేదు. ఇసుకలో మెత్తని గొట్టం కట్టుకుని, బయట పొడవు మీసాలు, నోటి దగ్గర పొట్టి మీసాలు రెండు వరుసలుగా ఉంటే అది గొట్టపు ఎనిమోన్. పేరులో ఎనిమోన్ ఉన్నా దీని వంశం వేరు. చిన్న కర్రపుల్లతో మెల్లగా తాకినప్పుడు మెత్తని కండ కింద గట్టి సున్నపు గూడు తగిలితే అది రాతి పగడం.

రాతి పగడమని తేలితే మరో చిక్కుంది. మన దేశంలో 2001 నుంచి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ. వాటిని సేకరించినా, అమ్మినా నేరం. అందమైన రాయి అని కొనేముందు ఎక్కడిదని దుకాణంలో అడగటం మంచిది. మాస్టారు అడిగితే సరైన జవాబు రాలేదు.

బుడగ కొనలు, గాజు మీసాలు

ఇక అసలైన సముద్ర పుష్పాల్లోనే మంచిదేదో, కలుపు ఏదో తేల్చుకోవాలి. క్లౌన్ చేపలు కాపురముండే సముద్ర పుష్పాలు ప్రపంచం మొత్తం మీద పది రకాలుగా లెక్కవేశారు. అమెరికా శాస్త్రజ్ఞురాలు డాఫ్నీ ఫాటిన్, జెరాల్డ్ ఎలెన్ కలిసి 1992లో తెచ్చిన చేతిపుస్తకం నేటికీ వీటికి ఆధారం. ఆ పదింటిలో తొట్టెల్లో ఎక్కువగా కనిపించేది బబుల్ టిప్. మీసాల కొసకు కాస్త కింద బుడగలా ఉబ్బి ఉండటం వల్ల ఆ పేరు. ఈ బుడగలు ఇవాళ ఉంటాయి, రేపు సాగిపోతాయి. అందుకని బుడగ ఒక్కటే చూసి తీర్పు చెప్పరాదు. దీని కాండం మీద పొక్కులుండవు, నున్నగా ఉంటుంది. పాదాన్ని రాతి పగులులో లోతుగా దాచుకుంటుంది.

కార్పెట్ ఎనిమోన్లు అనేవి మరో రకం. వాటిలో హడ్డోని అనేది ఇసుకలో పాదం పాతుకుని, పొట్టి మీసాలతో నేల మీద పరిచిన తివాసీలా ఉంటుంది. వేలు పెడితే జిగురులా అంటుకుంటుంది. ఇవేవీ ఒక చిన్న రాయి మీద డజను చొప్పున మొలిచేవి కావు. చిన్న పువ్వులు గుంపుగా పుట్టుకొస్తున్నాయంటే మొదట కలుపును అనుమానించాలి.

కలుపుల్లో రెండు ముఖ్యం. ఒకటి మజానో. పొట్టిగా, ఆకుపచ్చా గోధుమా కలిసి, మీసాల కొసలు కాస్త ఉబ్బి ఉంటుంది. బబుల్ టిప్ పిల్ల అని చాలామంది పొరబడేది దీన్నే. రెండోది అయిప్టేసియా. సన్నని కాండం, లోపల కనిపించేంత పలుచని ఒళ్లు, సూదిగా సాగిన పొడవాటి మీసాలు, తాకీ తాకకముందే బొరియలోకి మాయం కావడం దీని గుర్తులు. పోనీ అని ఇంకా విసిగిస్తే ఒంటి పక్కనుంచి, నోటినుంచి తెల్లని దారపు పోగులు వదులుతుంది. అవి విషపు పోగులు. బబుల్ టిప్ అలాంటి పోగులు వదలదు. భీమిలి తొట్టెలో ఆరో రోజు రాత్రి పుల్లతో కదిపినప్పుడు తెల్ల పోగులు బయటికి రావడంతో పువ్వు సంగతి చాలావరకు తేలిపోయింది.

బ్లేడు పెడితే ఎందుకు పెరిగిందో కూడా తేలింది. అయిప్టేసియా పాకుతూ పాదం అంచు నుంచి చిన్న తునకలు వెనక వదిలిపెడుతుంది. ఒక్కో తునకా మొత్తం జంతువుగా మారగలదు. గీకితే మనమే ఆ తునకలను పంచిపెట్టినట్లు. రాయి మీద నలిపేసినా అంతే. తొట్టె పెంచేవారికి ఇది శనిలా దాపురించినా శాస్త్రజ్ఞులకు మాత్రం ముద్దుబిడ్డ. దేనికైనా తట్టుకుని, తొందరగా పెరిగి, ఒంట్లో నాచు పెట్టుకుని ఉంటుంది గనుక, సముద్రం వేడెక్కితే పగడాలు ఎందుకు పాలిపోతున్నాయో తెలుసుకోవడానికి ప్రయోగశాలల్లో దీన్నే పెంచుతున్నారు.

వదిలించుకునే ఉపాయాలు లేకపోలేదు. శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడును, అంటే సున్నాన్ని, చిక్కగా కలిపి సూది లేని సిరంజితో పువ్వు నోటి మీద పెడతారు. అప్పుడు పంపు ఆపాలి. ఒక్కరోజే అన్నింటికీ పెడితే నీటి క్షారం పెరిగి చేపలు పోతాయి గనుక రోజుకు రెండు మూడింటికి మించరాదు. పెప్పర్‌మింట్ రొయ్య దీన్ని తింటుంది. బెర్ఘియా అనే చిన్న సముద్రపు నత్తకు ఇదే ఆహారం, వేరేది ముట్టదు.

గుండీల్లో దాగిన విషం

రాయి అడుగున ఉన్న గుండీల విషయం ఇంతకన్నా ముఖ్యం. పైపైన చూస్తే అవీ చిన్న సముద్ర పుష్పాలే అనిపిస్తాయి. భూతద్దంలో చూస్తే పాదాలు విడివిడిగా లేవు. కింద ఒకే చాప లాంటి కండ, దాని మీద పొట్టి కాడలు, ప్రతి కాడ పైన గుండ్రటి పళ్లెం. మీసాలు పొట్టిగా పళ్లెం అంచునే రెండు వరుసల్లో ఉన్నాయి. కాడ మీద ఇసుక రేణువులు అంటుకుపోయి గరగరలాడుతున్నాయి. ఇవి జోయాంథిడ్లు. సముద్ర పుష్పాలకు దాయాదులు. కాడలో ఇసుక ఇముడ్చుకునే రకాన్ని పాలిథోవా అంటారు.

హవాయి దీవుల్లో హానా అనే ఊరివారికి ఈ జాతి విషం పూర్వం నుంచీ తెలుసు. అక్కడి తీరపు గుంటల్లో పెరిగే దాన్ని ప్రాణం తీసే నాచు అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవారు. నిజానికి అది నాచు కాదు, పాలిథోవా. హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ మూర్, పాల్ షోయర్ దాని నుంచి పాలిటాక్సిన్ అనే విషాన్ని వేరు చేసి 1971లో ప్రకటించారు. జంతువుల్లో, మొక్కల్లో దొరికే విషాలలో మహా తీవ్రమైన వాటిలో ఇది ఒకటి.

ఇది సముద్రం మధ్య దీవుల ముచ్చట అనుకుని తేలిగ్గా తీసుకోరాదు. ఇళ్లలోని తొట్టెల వల్ల జరిగినవే ఉన్నాయి. అమెరికాలోని అలాస్కా రాష్ట్రం ఏంకరేజ్ నగరంలో 2014లో ఒక ఇంట్లో తొట్టెలోకి కొత్తగా జోయాంథిడ్ల రాయి తెచ్చి పెట్టాక ఇంట్లోవారు జబ్బుపడ్డారు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో స్టీవెంటన్ అనే ఊళ్లో 2018లో ఒకరు తొట్టెలోని పగడాన్ని శుభ్రం చేస్తుండగా వెలువడిన విషం పీల్చి కుటుంబ సభ్యులు, సాయానికి వచ్చిన సిబ్బంది కలిసి పదిమంది ఆస్పత్రికి వెళ్లవలసి వచ్చింది.

ఈ విషం మరిగిస్తే చావదు. పైగా మరిగే నీటి ఆవిరితో, వేడినీళ్లు పోసి రుద్దినప్పుడు లేచే తుంపరతో గాలిలో కలుస్తుంది. పీల్చినవారికి నోట్లో లోహపు చేదు, చలిజ్వరం, దగ్గు, ఆయాసం, కండరాల నొప్పులు వస్తాయి. ఫ్లూ జ్వరమనుకుని పొరబడటానికి ఆస్కారముంది. కంట్లో చిందితే నల్లగుడ్డు పైపొర దెబ్బతింటుంది. చేతి మీద చిన్న గాయమున్నా అక్కడి నుంచి ఒంట్లోకి ఎక్కవచ్చు. ఇలాంటి లక్షణాలు కనిపిస్తే గది తలుపులు, కిటికీలు తెరిచి అందరూ బయటికి వచ్చి, వెంటనే ఆస్పత్రికి వెళ్లి, తొట్టెలో ఇలాంటి జీవి ఉందని డాక్టరుకు తప్పక చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పకపోతే డాక్టరుకు ఊహించే దారి లేదు.

జోయాంథిడ్లన్నీ విషపువే కావు. చాలా రకాల్లో విషం కొద్దిగా ఉంటుంది, లేక అసలు ఉండదు. అయితే విషమున్నదీ లేనిదీ చూడటానికి ఒకేలా ఉంటాయి. కంటితో తేల్చగలిగిన వారు లేరు. అందువల్ల గుండీలు కనిపిస్తే విషముందనే లెక్కతో మెలగాలి. రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ముట్టరాదు. ఆరబెట్టడం, మరిగించడం, బ్రష్షుతో రుద్దడం, తొట్టె బయట కోయడం పనికిరావు. మాస్టారి వంటింట్లో ఆనాడు గుండిగ మరిగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. ఆ ఇంట్లో ఆరేళ్ల మనవడు కూడా ఉన్నాడు.

రెండోసారి తగిలితే

విషం లేని సముద్ర పుష్పం అంటూ లేదు. మీసాలనిండా దంశకణాలు ఉంటాయి. తాకగానే ఒక్కొక్క కణం నుంచి ముల్లులాంటి పోగు చిమ్ముకొచ్చి గుచ్చుకుంటుంది. చాలా రకాల్లో మనిషి అరచేతి చర్మానికి జిగురుగా తోచడమే తప్ప నొప్పి తెలియదు. అలవాటైందని ధీమాపడటానికి లేదు.

1901లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు చార్లెస్ రిషే, పాల్ పోర్టియర్ మొనాకో యువరాజు నౌకలో సముద్ర యాత్ర చేస్తూ జెల్లి చేప లాంటి జీవి విషంపై ప్రయోగాలు మొదలుపెట్టారు. పారిస్ తిరిగి వచ్చాక సముద్ర పుష్పం విషంతో కుక్కల మీద కొనసాగించారు. నెప్ట్యూన్ అనే కుక్క మొదటిసారి ఇచ్చిన మోతాదుకు తట్టుకుంది. కొన్ని వారాల తర్వాత మళ్లీ కొంచెమే ఇస్తే నిమిషాల్లో చచ్చిపోయింది. మందులు పడక, తేనెటీగ కుట్టి ఒక్కసారిగా ప్రాణం మీదికి వచ్చే ఎనాఫిలాక్సిస్ అనే స్థితిని ప్రపంచం అలా తెలుసుకుంది. ఆ పని మీదే రిషేకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒకసారి ఏమీ కాలేదని రెండోసారి ఒట్టి చేయి పెట్టడం ఎందుకు మంచిది కాదో ఇంతకన్నా రుజువు అక్కరలేదు.

అరవై ఏళ్లు బతికిన గ్రానీ

కొనేవారికి మరో మాట. సముద్ర పుష్పం మూడు నెలల ముచ్చట కాదు. స్కాట్లండులో సర్ జాన్ డేలియెల్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1828లో నార్త్ బెర్విక్ తీరంలో ఎర్రని సముద్ర పుష్పం ఒకటి పట్టి తెచ్చి గాజు పాత్రలో పెంచాడు. ఆయన 1851లో పోయినా అది పోలేదు. ఒకరి చేతినుంచి మరొకరి చేతికి మారుతూ 1887 దాకా బతికింది. ముద్దుగా గ్రానీ, అంటే అవ్వ అని పిలిచేవారు. కరెంటు పంపులు, దీపాలు లేని రోజుల్లో నీళ్లు మారుస్తూ సాకారు. నేడు ఇన్ని సామాన్లు ఉండీ కొన్న సముద్ర పుష్పాలు చాలావరకు మొదటి ఏడాది దాటడం లేదని పెంపకందారులే ఒప్పుకుంటారు. పాకుతూ పోయి పంపులో పడి ముక్కలైతే దాని విషంతో తొట్టెలోని చేపలన్నీ తెల్లారేసరికి తేలిపోవచ్చు. పంపు మూతికి జాలీ కట్టడం అందుకే.

క్లౌన్ చేపలకు సముద్ర పుష్పం ఉండి తీరాలన్న నమ్మకం కూడా సరికాదు. సముద్రంలో శత్రువుల నుంచి దాగడానికి అవసరమే గాని తొట్టెలో శత్రువు ఎవరు? ఆ చేపలను హేచరీలో పుట్టించి పెంచే పద్ధతిని మన దేశపు కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ రూపొందించింది. అలాంటి హేచరీ చేపలు పువ్వు మొహం చూడకుండానే ఏళ్ల తరబడి బతుకుతాయి.

తీరంలో చూడవచ్చు

సముద్ర పుష్పం చూడాలన్న సరదా ఉంటే కొననక్కరలేదు. విశాఖ నుంచి భీమిలి దాకా తీరం పొడవునా బండలున్నాయి. అమావాస్య, పున్నమి దినాల్లో నీరు బాగా తీసినప్పుడు రుషికొండ, మంగమారిపేట వైపు బండల మధ్య గుంటల్లో వంగి చూస్తే చాలు. ఆంథోప్లూరా జాతివి కాండం మీది జిగురు పొక్కులకు గవ్వ ముక్కలు, ఇసుక అంటించుకుని ముడుచుకుని ఉంటాయి. నీరున్నంతసేపు పువ్వు, నీరు తీయగానే మట్టిముద్ద. మన కాలి కింద పడ్డా గుర్తుపట్టం. గుండీల జాతి జోయాంథిడ్లు కూడా ఈ బండల మీద చాపల్లా పరుచుకుని ఉంటాయి గనుక పిల్లలను ఒట్టి చేతులతో గీరనివ్వరాదు. ఇంటర్మీడియట్ జంతుశాస్త్రంలో చదివిన సన్యాసి పీత, దాని శంఖం మీద స్వారీ చేసే సముద్ర పుష్పం బొమ్మ చాలామందికి గుర్తుండే ఉంటుంది. వలలకు దొరికే శంఖాల మీద ఒక్కోసారి ఆ జంట నిజంగానే కనిపిస్తుంది.

అక్కడి నుంచి ఇంటికి తేవడం మాత్రం వద్దు. వానాకాలం తర్వాత గంగ, మహానది, గోదావరి నీళ్లు కలిసి బంగాళాఖాతం పైనీటిలో ఉప్పు తగ్గుతుంది. తొట్టెలో ఏడాది పొడవునా లీటరుకు 35 గ్రాముల లెక్కన ఒకే ఉప్పు ఉంచుతారు. ఈ తేడాకు పైకి ఏమీ కానట్లున్నా లోపల కుంగిపోయే జీవులుంటాయి. బండ మీద నుంచి పీకేటప్పుడు పాదం చిరిగితే ఇంటికి చేరకముందే సగం ప్రాణం పోతుంది.

ఫొటోతో ఎంతవరకు తేలుతుంది

ఫొటో పంపి పేరు చెప్పమని అడగటం ఇప్పుడు మామూలైంది. పైనుంచి తీసిన ఒక్క ఫొటోతో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. పక్కనుంచి కాండం కనిపించేలా ఒకటి, పాదం రాయిని పట్టుకున్న చోటు ఒకటి, నోరు కనిపించేలా పైనుంచి ఒకటి, రాత్రి ఒకటి, ముడుచుకున్నప్పుడు ఒకటి కావాలి. పక్కన కొలతకు రూపాయి బిళ్ల గాజుకు బయట ఆనించాలి. ఎన్నాళ్ల క్రితం కనిపించింది, ఎన్నయ్యాయి, కదిలిందా, కదిపితే ఏం చేసింది అన్నవి కాగితం మీద రాసి పెట్టాలి. జంతుశాస్త్ర విభాగం ఉన్న కాలేజీలో చూపిస్తే ఏ కుదురుకు చెందినదో అంతవరకు చెప్పగలుగుతారు. కచ్చితమైన జాతి పేరు కావాలంటే శాస్త్రజ్ఞులు కండను పలుచగా కోసి, దంశకణాలను సూక్ష్మదర్శినిలో కొలిచి చూస్తారు. ఇంట్లో అంత అక్కరలేదు. పెంచదగ్గదా, కలుపా, ప్రమాదమా అన్నది తేలితే చాలు.

భీమిలి మాస్టారి కూతురి నోటుపుస్తకంలో పువ్వుల పేరు ఎదుట అయిప్టేసియా అని ఉంది. గుండీల పేరు ఎదుట జోయాంథిడ్, బహుశా పాలిథోవా, జాతి తేలలేదు అని ఉంది. పదహారు పువ్వుల్లో సున్నపు వైద్యంతో ఇప్పటికి పన్నెండు పోయాయి. నాలుగు మిగిలాయి. గుండీల రాయిని నీళ్లలోనే ఉంచి మోసుకెళ్లి వరండాలో మూత ఉన్న వేరే తొట్టెలో పెట్టారు. తొట్టె మీద ముట్టరాదని తెలుగులో రాసి అంటించారు. రాయిని తీసుకెళ్లి సముద్రంలో వదిలేద్దామని మాస్టారు అన్నారట. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని జీవులను, తొట్టెలో పెరిగిన కలుపును మన తీరంలో కలపడం కూడదని కాలేజీ లెక్చరర్ చెప్పడంతో ఆ ఆలోచన మానుకున్నారు. గుండిగ మళ్లీ వంటకు పనికొచ్చింది.